నాలుగు హజ్జులు సాగిన చాటింపు

ఒంట్లో జబ్బు ఉంటే నలుగురికీ చెప్పుకుంటాం. ఒకరు మంచి డాక్టరు పేరు చెబుతారు, ఒకరు ఆస్పత్రికి తోడు వస్తారు, అందరూ దుఆ చేస్తారు. నెత్తిమీద అప్పు ఉంటే మాత్రం కట్టుకున్న భార్యకు కూడా తెలియనివ్వం. బయటివారికి తెలిస్తే పరువు పోతుందంటాం, అమ్మీ అబ్బాకు తెలిస్తే తట్టుకోలేరంటాం. ఆ మౌనం చాటున అప్పు నెలనెలా పెరుగుతూనే ఉంటుంది.

అమ్మాయి నికాహ్‌కు, అబ్బాయి గల్ఫ్ వీసాకు, ఆస్పత్రి ఖర్చుకు, దుకాణంలో సరుకు నింపడానికి అప్పు చేయని కుటుంబం మన మధ్య అరుదు. అవసరానికి అప్పు తీసుకోవడం పాపం కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) స్వయంగా అప్పు తీసుకున్నారు. ఆయన ఈ లోకాన్ని విడిచిన నాటికి ఆయన కవచం 30 సాల బార్లీకి బదులుగా ఒక యూదుని వద్ద తాకట్టులో ఉందని హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు. ఆ సంగతిని ఆ పవిత్ర కుటుంబం దాచలేదు. పద్నాలుగు వందల ఏళ్ల తరువాత మనం కూడా చదువుకునేలా చెప్పింది.

అయితే అదే ప్రవక్త (స) నమాజులో అప్పుల భారం నుంచి తనను కాపాడమని అల్లాహ్‌ను తరచు వేడుకునేవారు. అప్పు గురించి ఇంతగా ఎందుకు శరణు కోరుతున్నారని ఒకరు అడిగారు. అప్పుల్లో మునిగినవాడు మాట్లాడితే అబద్ధం చెబుతాడని, మాట ఇస్తే తప్పుతాడని ఆయన సమాధానమిచ్చారు. ఈ మాటను కాస్త నిలిచి ఆలోచించాలి. అప్పు కేవలం జేబుకు సంబంధించిన వ్యవహారం కాదని, అది మనిషి నాలుకను పాడు చేస్తుందని ఆయన హెచ్చరించారు. రేపు ఇస్తానని చెప్పి ఫోను తీయకపోవడం, ఇంట్లో ఉండి లేమని పిల్లలచేత చెప్పించడం, ఒకరి దగ్గర తెచ్చి ఇంకొకరికి కట్టి తీరిపోయిందనడం మనం రోజూ చూస్తున్నవే. విశ్వాసి ఇంట్లో అబద్ధం అడుగుపెట్టే దొడ్డిదారి ఇది.

జనాజా ముందు ఒక ప్రశ్న

మదీనాలో ఎవరైనా చనిపోయి జనాజాను తెస్తే, నమాజు చేయించే ముందు మృతునికి అప్పు ఉందా అని ప్రవక్త (స) అడిగేవారు. ఉందంటే, తీర్చడానికి ఏమైనా విడిచి వెళ్లాడా అని అడిగేవారు. ఏమీ లేదంటే, మీ సహచరునికి మీరే నమాజు చేయండని అనుచరులతో చెప్పేవారు. ఒకసారి అలా తెచ్చిన ఒక వ్యక్తికి రెండు దీనార్ల అప్పు ఉందని తెలిసింది. ఆయన వెనుదిరగబోగా హజ్రత్ అబూ ఖతాదా (రజి) ముందుకు వచ్చి ఆ రెండు దీనార్లు తన బాధ్యత అన్నారు. అప్పుడు ప్రవక్త (స) జనాజా నమాజు చేయించారు.

కథ అక్కడితో ముగియలేదు. మరునాడు ఆ రెండు దీనార్ల సంగతి ఏమైందని ఆయన అబూ ఖతాదాను (రజి) అడిగారు. మనిషి నిన్ననే కదా చనిపోయాడని ఆయన అన్నారు. ఆ తరువాతి రోజు కలిసినప్పుడు అప్పు తీర్చేశానని చెప్పారు. మృతుని దేహానికి ఇప్పుడు చల్లదనం దక్కిందని ప్రవక్త (స) అన్నట్లు హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు. అంటే, హామీ ఇచ్చినప్పుడు కాక, డబ్బు చేతికి చేరినప్పుడే ఆ మనిషికి ఊరట కలిగింది.

అందరి ఎదుట ఆ ప్రశ్న వేయడం చనిపోయినవానిని చిన్నబుచ్చడానికి కాదు. ప్రశ్న అడగకపోతే అబూ ఖతాదా (రజి) ముందుకు వచ్చేవారే కాదు. అప్పు సంగతి బయటపడింది కాబట్టే తీర్చే చెయ్యి దొరికింది. తరువాతి కాలంలో విజయాలు లభించి ధనం సమకూరాక, విశ్వాసుల్లో ఎవరైనా అప్పుతో చనిపోతే తీర్చే పూచీ తనదేనని, ఆస్తి మిగిలితే అది వారసులదని ప్రవక్త (స) ప్రకటించారు.

ఇప్పటికీ మన మస్జిదుల్లో, ఖబరస్తాన్‌లో జనాజా నమాజుకు ముందు మృతుని కొడుకో తమ్ముడో నిలబడి, ఎవరికైనా బాకీ ఉంటే మమ్మల్ని కలవండని చెప్పే ఆనవాయితీ ఉంది. ఎంతో మంచి ఆనవాయితీ. అయితే ఆ మాట చెప్పే కొడుకుకు తండ్రి అప్పులు ఎంతో, ఎవరికో తెలిసి ఉండాలి కదా! చాలా ఇళ్లలో తెలియదు. నలభయ్యో రోజు దాకా కొత్త కొత్త ముఖాలు గడప తొక్కుతుంటే, ఎవరు నిజం చెబుతున్నారో ఎవరు అబద్ధం చెబుతున్నారో పోల్చుకోలేక ఆ ఇంటి ఆడవాళ్లు నలిగిపోతారు.

జుబైర్ (రజి) గారి 22 లక్షలు

అప్పు గురించి మన చరిత్రలో ఉన్న ఘట్టాలన్నిటిలోకీ వివరమైనది హజ్రత్ జుబైర్ బిన్ అవ్వామ్ (రజి) గారిది. ఆయన ప్రవక్త (స) మేనత్త సఫియ్యా (రజి) కుమారుడు. స్వర్గ శుభవార్త అందుకున్న పదిమందిలో ఒకరు. క్రీ.శ. 656లో బస్రా సమీపాన జరిగిన జమల్ యుద్ధం నాడు ఆయన తన కుమారుడు అబ్దుల్లాహ్‌ను (రజి) పక్కకు పిలిచారు. ఈ రోజు తాను అన్యాయంగా చంపబడతానని అనిపిస్తోందని, తన పెద్ద దిగులంతా తన అప్పు గురించేనని చెప్పారు. ఆస్తి అమ్మి అప్పు తీర్చమన్నారు. ఎక్కడైనా కష్టమైతే తన యజమానిని సహాయం అడగమన్నారు. ఆ యజమాని ఎవరో కుమారునికి అర్థం కాలేదు. అడిగితే, అల్లాహ్ అని సమాధానం వచ్చింది. ఆ తరువాత అప్పు విషయంలో ఇబ్బంది ఎదురైనప్పుడల్లా జుబైర్ యజమానీ, ఆయన అప్పు తీర్చమని తాను వేడుకునేవాడినని, అది తీరిపోయేదని అబ్దుల్లాహ్ (రజి) చెప్పుకున్నారు.

జుబైర్ (రజి) విలాసాల కోసం అప్పు చేయలేదు. ప్రజలు తమ డబ్బు దాచమని ఆయన దగ్గరకు తెచ్చేవారు. ఆయన దానిని అమానతుగా తీసుకోవడానికి ఒప్పుకునేవారు కాదు. పోతుందేమోనని భయం, అప్పుగా ఇవ్వండి అనేవారు. ఇందులో మర్మం ఉంది. అమానతుగా ఇచ్చిన సొమ్ము దాచినవాని అజాగ్రత్త లేకుండా పోతే అతడు బాధ్యుడు కాడు. అప్పు అయితే ఏం జరిగినా తిరిగి ఇచ్చి తీరాలి. జనం సొమ్ముకు భద్రత కలగాలని ఆయన బరువును తన నెత్తిన వేసుకున్నారు. అలా చేరిన మొత్తం 22 లక్షలు. చేతిలో నగదు లేదు. ఉన్నవి మదీనా దగ్గర గాబా అనే భూమి, మదీనాలో 11 ఇళ్లు, బస్రాలో 2, కూఫాలో 1, ఈజిప్టులో 1.

ఆయన ఆ యుద్ధం రోజునే ప్రాణాలు కోల్పోయారు. కుమారుడు లెక్క వేసి చూసుకున్నారు. ఆ తరువాత హకీమ్ బిన్ హిజామ్ (రజి) కలిసి, మా సోదరునికి అప్పు ఎంత ఉందని అడిగారు. అబ్దుల్లాహ్ (రజి) అసలు సంఖ్య దాచి ఒక లక్ష అన్నారు. మీ ఆస్తి దానికే సరిపోతుందని తాను అనుకోవడం లేదని హకీమ్ (రజి) అన్నారు. మరి 22 లక్షలైతే ఏమంటారని అబ్దుల్లాహ్ (రజి) అప్పుడు నిజం చెప్పారు. మీవల్ల అవుతుందనుకోను, ఎక్కడైనా చేతకాకపోతే నన్ను సాయం అడగండి అని హకీమ్ (రజి) మాట ఇచ్చారు.

ఈ సంభాషణ మన ఇళ్లలో జరిగేదే. ఎంత అప్పుందిరా అని మామయ్య అడుగుతాడు. పది లక్షలుంటే రెండు లక్షలంటాం. మామయ్య ఆ రెండు లక్షల గురించే ఆలోచిస్తాడు. చెప్పని ఎనిమిది లక్షలకు ఎవరూ ఆలోచించరు. హకీమ్ (రజి) సహాయం చేస్తానన్నది పూర్తి సంఖ్య విన్న తరువాతనే. తగ్గించి చెప్పిన అప్పుకు దొరికే సాయం కూడా తగ్గే ఉంటుంది.

ఆ తరువాత అబ్దుల్లాహ్ (రజి) ఏం చేశారో చూడండి. జుబైర్ (రజి) ఆ గాబా భూమిని 1 లక్షా 70 వేలకు కొన్నారు. దానికి ఇప్పుడు 16 లక్షల విలువ కట్టారు. జుబైర్ (రజి) నుంచి ఎవరికి బాకీ రావలసి ఉన్నా గాబాకు వచ్చి కలవండని అబ్దుల్లాహ్ (రజి) చాటించారు. బాకీదార్లు వెతుక్కుంటూ వచ్చేదాకా ఆగలేదు, తానే పిలిచారు. అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి) గారికి 4 లక్షలు రావాలి. మీరు కోరితే మాఫీ చేస్తానని ఆయన అన్నారు. అక్కర్లేదన్నారు. పోనీ చివర్న ఇవ్వండన్నారు. అదీ వద్దన్నారు. అయితే భూమిలో ఒక భాగం ఇవ్వమని అడిగితే, ఇక్కడినుంచి ఇక్కడిదాకా మీది అని కొలిచి ఇచ్చారు. మిగిలిన భూమిని వాటాలుగా అమ్మి ఒక్కొక్కరి బాకీ తీర్చారు.

అప్పంతా తీరాక మిగతా కుమారులు ఆస్తి పంచమన్నారు. అబ్దుల్లాహ్ (రజి) ఒప్పుకోలేదు. నాలుగు హజ్జులపాటు, ఏటా, జుబైర్ (రజి) మీద బాకీ ఉన్నవారు రండని హజ్జుకు వచ్చిన జనం మధ్య చాటించారు. దూరదేశాల్లో ఉన్నవారికి కూడా కబురు అందాలి కదా! నాలుగేళ్లు గడిచాకే వారసత్వం పంచారు. అప్పులు పోగా, వీలునామా ప్రకారం మూడో వంతు తీశాక కూడా నలుగురు భార్యల్లో ఒక్కొక్కరికి 12 లక్షలు దక్కాయి. సరిపోదనుకున్న ఆస్తి అప్పు తీర్చి, ఇంకా మిగిలింది. బుఖారీ హదీసు గ్రంథంలో ఈ ఉదంతమంతా వివరంగా నమోదై ఉంది.

మనం నేర్చుకోవలసింది వరుసగా ఉంది. తండ్రి బతికి ఉండగానే చెప్పారు. కుమారుడు మొత్తం లెక్క వేశారు. ఆత్మీయునికి నిజం చెప్పారు. బాకీదార్లను తానే పిలిచారు. ఆస్తి మీద మమకారం పెట్టుకోకుండా అమ్మారు. తీరిందనుకున్న తరువాత కూడా ఎవరైనా మిగిలిపోయారేమోనని వెతికారు.

కలం చేతిలో, మాట బాకీదారు నోట

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయతు నమాజు గురించో ఉపవాసం గురించో కాదు, అప్పు పత్రం రాసుకోవడం గురించి. అది అల్ బఖరా సూరా 282వ ఆయతు. గడువు పెట్టుకుని అప్పు ఇచ్చిపుచ్చుకున్నప్పుడు రాసుకోవాలని, మొత్తం చిన్నదైనా పెద్దదైనా బద్ధకించవద్దని, సాక్షులను పెట్టుకోవాలని అందులో ఆదేశం ఉంది. గమనించవలసిన మరో సంగతి ఏమిటంటే, పత్రంలోని మాటలను అప్పు తీసుకున్నవాడే చెప్పి రాయించాలి, అందులో ఏమీ తగ్గించకూడదు. తాను ఎంత బాకీ ఉన్నాడో తన నోటితో సాక్షుల ఎదుట చెప్పడం అప్పులో మొదటి మెట్టు అన్నమాట.

మన దగ్గర జరుగుతున్నది వేరు. ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టి ఇస్తాం. సంఖ్య ఎంతో, తేదీ ఏదో తరువాత వాళ్లే నింపుకుంటారు. ఖాళీ చెక్కులు ఇస్తాం. బంధువుల మధ్య అయితే ఆ మాత్రం కాగితం కూడా ఉండదు, నోటిమాటే. అయిదేళ్లు తిరిగాక నేను ఇచ్చింది లక్ష అని ఒకరు, నువ్విచ్చింది అరవై వేలేనని ఒకరు. అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయి, ఈద్ రోజున కూడా గుండెలకు హత్తుకోని ఇళ్లు ఎన్ని లేవు!

ఇంకొక విషయం. ప్రోనోటు రాసి మూడేళ్లు దాటితే, మధ్యలో చెల్లింపు జమ గాని తిరగరాయడం గాని లేకపోతే, దానికి కాలదోషం పడుతుంది. కోర్టులో దావా చెల్లదు. అందుకే కొందరు ఆ మూడేళ్లు ఎలాగో గడిపి గట్టెక్కామనుకుంటారు. అల్లాహ్ సన్నిధిలో కాలదోషం అంటూ లేదు. అమరగతుని పాపాలన్నీ క్షమించబడతాయి గాని అప్పు మాత్రం కాదని ప్రవక్త (స) హెచ్చరించారు. ధర్మమార్గంలో ప్రాణమిచ్చినవానికే లేని మినహాయింపు, నోటుకు మూడేళ్లు నిండాయని మనకు దొరుకుతుందా?

మన రహస్యమే వారి తాకట్టు

గతంలో అప్పు ఇచ్చేవారు నగలో పొలమో తాకట్టు అడిగేవారు. ఇప్పుడు ఇంకో రకం అప్పులు వచ్చాయి. ఫోనులో యాప్ తెరిస్తే కాసేపట్లో డబ్బు జమ అవుతుంది. తాకట్టు అడగరు, సాక్షి అడగరు. మన ఫోనులో ఉన్న పేర్లు, నంబర్లు, ఫొటోలు వాళ్లకు చేరిపోతాయి. కట్టడం ఆలస్యమైతే ఆ నంబర్లన్నిటికీ ఫోన్లు వెళతాయి. తెలంగాణలో ఈ వేధింపులు భరించలేక ప్రాణాలు తీసుకున్న ఘటనల తరువాత 2020 డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు ఇటువంటి యాప్‌ల వెనుక ఉన్నవారిని అరెస్టు చేశారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, రుణ యాప్‌లు ఫోనులోని కాంటాక్టులను, ఫైళ్లను చూడరాదని మార్గదర్శకాలిచ్చింది. ఆ నియమాలను లెక్కచేయని దొంగ యాప్‌లు ఇంకా వస్తూనే ఉన్నాయి.

ఈ యాప్‌ల బలం ఎక్కడుందో ఆలోచించండి. మీవాళ్లందరికీ చెప్పేస్తామన్న బెదిరింపులోనే ఉంది. ఇంట్లో ఎవరికీ తెలియదన్న ధీమాతోనే వాళ్లు అప్పు ఇస్తారు. మన రహస్యమే వాళ్ల తాకట్టు. ఈ సంగతి అబ్బాకు, అన్నయ్యకు మనమే ముందుగా చెప్పేస్తే ఆ తాకట్టు విడిపోయినట్టే. ఆ తరువాత ధైర్యంగా పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు. సైబర్ నేరాల సహాయ నంబరు 1930 కూడా ఉంది.

ఆడవారి అప్పులు కూడా ఇంతే. వారం వారం కిస్తీలు కట్టే సూక్ష్మరుణాలు పల్లెపల్లెకూ పాకి, వసూళ్ల ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగాక, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చింది, తరువాత చట్టం చేసింది. ఆ రోజుల్లో భర్తకు తెలియకుండా మూడు నాలుగు సంఘాల్లో అప్పులు తీసుకుని, ఒకదాని కిస్తీ ఇంకొకదానితో కట్టిన అక్కచెల్లెళ్లు ఎందరో ఉన్నారు. ఇంటి ఖర్చుకు సరిపడా ఇవ్వని భర్తలు కూడా దీనికి సమాధానం చెప్పుకోవాలి.

ఎవరికి చెప్పాలి, ఎలా తీర్చాలి

అప్పు సంగతి చెప్పడమంటే వీధిలో ఢంకా కొట్టడం కాదు. చెప్పవలసినవారికి చెప్పడం.

ముందుగా ఒక కాగితం మీద రాయాలి. ఎవరికి, ఎంత, ఎప్పుడు తీసుకున్నది, వడ్డీ ఉందా, గడువు ఎప్పుడు, సాక్షి ఎవరు. కిరాణా దుకాణం ఖాతా, చిట్టీ పాడుకున్నాక కట్టవలసిన వాయిదాలు, బావమరిది దగ్గర చేబదులు, తాకట్టులో ఉన్న భార్య గాజులు అన్నీ అందులోకి రావాలి. చాలామందికి తమ అప్పు ఎంతో కచ్చితంగా తెలియదు. కూడితే భయమేస్తుందని కూడరు. కూడినప్పుడే దారి కనిపిస్తుంది.

రెండవది, జీవిత భాగస్వామికి చెప్పాలి. ఆమె నగలు తాకట్టులో ఉంటే అది ఆమె సొత్తు, ఆమెకు తెలిసే హక్కు ఉంది. ఇంట్లో తెలిస్తే ఖర్చు తగ్గుతుంది. తెలియనప్పుడు ఆమె ఎప్పటిలాగే ఈద్ బట్టలు అడుగుతుంది, పిల్లలు ఎప్పటిలాగే బండి అడుగుతారు, ఆయన లేదనలేక ఇంకో అప్పు చేస్తాడు.

మూడవది, అప్పు ఇచ్చినవారికి గడువుకు ముందే చెప్పాలి. ఈ నెల మొత్తం ఇవ్వలేను, ఇంత ఇస్తాను, మిగతాది ఫలానా తేదీకి అని మనమే వెళ్లి చెబితే వినేవారు ఎక్కువమందే ఉంటారు. హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) తనకు రావలసిన బాకీ కోసం ఇబ్ను అబీ హద్రద్‌ను (రజి) మస్జిదులో అడిగారు. ఇద్దరి గొంతులూ పెరిగాయి. ప్రవక్త (స) తన గది తెర తొలగించి, సగం తగ్గించమని కఅబ్‌కు (రజి) సైగ చేశారు. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. ఆ వెంటనే ప్రవక్త (స) బాకీదారుతో లేచి వెళ్లి మిగతాది చెల్లించమన్నారు. ఇచ్చినవాడు దిగిరావాలి, తీసుకున్నవాడు లేవాలి. రాజీ అంటే ఇదీ.

అప్పు ఇచ్చినవారు కటువుగా మాట్లాడితే సహించాలి. ఒంటె బాకీ ఉన్న ఒక వ్యక్తి వచ్చి ప్రవక్తను (స) గద్దించాడు. సహచరులకు కోపం వచ్చింది. హక్కుదారునికి మాట్లాడే అధికారం ఉందని ఆయన వారిని వారించి, అతనికి రావలసినదానికంటే మేలైన ఒంటెను ఇప్పించారు. చక్కగా బాకీ తీర్చేవారే ఉత్తములని బోధించారు.

నాలుగవది, వడ్డీ అప్పులు ముందు తీర్చాలి. వడ్డీ మనకు నిషిద్ధం, పైగా అది కూర్చుంటే కూర్చున్నంత పెరుగుతుంది. మూడు రూపాయల వడ్డీ అంటే లక్షకు నెలకు 3 వేలు, ఏడాదికి 36 వేలు. మూడేళ్లు తిరక్కముందే అసలంత వడ్డీ కట్టేస్తాం, అసలు అలాగే ఉంటుంది. ఖాళీ జాగానో, బండినో, బీరువాలో నిద్రపోతున్న బంగారాన్నో అమ్మి దానిని తెంచుకోవడం మేలు. ధర పెరుగుతుందని స్థలం ఉంచుకుని వడ్డీ కట్టేవారు తమ లెక్క ఇంకోసారి చూసుకోవాలి. తరువాత, బాకీదార్లలో ఎవరి ఇంట్లో అవసరం ఎక్కువగా ఉందో వారికి ఇవ్వాలి. మొహమాటపడి అడగని పేద చుట్టానికి చివర్న ఇవ్వడం అన్యాయం.

అయిదవది, శ్రమ. హజ్రత్ జాబిర్ (రజి) తండ్రి క్రీ.శ. 625లో ఉహుద్ యుద్ధంలో అమరులయ్యారు. అప్పులు, ఆడపిల్లల బాధ్యత జాబిర్ (రజి) మీద పడ్డాయి. బాకీదార్లు ఒత్తిడి చేశారు. ఆయన ప్రవక్త (స) వద్దకు వెళ్లి పరిస్థితి విన్నవించుకున్నారు. ఖర్జూరాలు కోసి ఏ రకానికి ఆ రకం కుప్పలు వేయమని ఆయన పురమాయించి, తరువాత తానే వచ్చి కుప్ప దగ్గర కూర్చుని బాకీదార్లకు కొలిచి ఇప్పించారు. అందరి అప్పూ తీరింది, కుప్ప తగ్గనట్టే ఉంది. శుభం అల్లాహ్ ప్రసాదించాడు. కోసి కుప్ప వేసే పని మాత్రం జాబిర్‌దే (రజి).

అప్పు ఉండగా గొప్పకు పోవడం తగదు. బాకీ పెట్టుకుని సాంచక్‌కు, వలీమాకు షాదీఖానా నిండా జనాన్ని పిలిస్తే, తినిపోయేవారిలో సగంమంది మనకు అప్పిచ్చినవాళ్లే ఉంటారు. హజ్జు కూడా స్తోమత ఉన్నవారికే విధి, గడువు తీరిన బాకీలు ముందు తీర్చాలని ఉలమాలు చెబుతారు. నఫిల్ ఉమ్రాకు వెళ్లే ముందు బాకీల చీటీ చూసుకోవాలని వేరే చెప్పనక్కరలేదు.

వినేవారు ఎలా ఉండాలి

చెప్పమని అప్పులవారికి బోధించి ఊరుకుంటే సరిపోదు. వినేవారు సరిగ్గా లేకపోతే ఎవరూ నోరు విప్పరు. ఒకరు తమ కష్టం చెప్పుకుంటే అది మన దగ్గర అమానతు. సాయంత్రానికల్లా దానిని హోటల్ బల్లల మీద చాయ్‌తో పాటు పంచడం ద్రోహం. పెళ్లి ఇంట్లో పదిమంది ఎదుట బాకీ అడిగి అవమానించడం కూడా మన లక్షణం కాకూడదు. బాకీదారు ఇబ్బందుల్లో ఉంటే కలిగేదాకా గడువు ఇవ్వమని, వదిలేస్తే మరింత మేలని అల్ బఖరా సూరా 280వ ఆయతు బోధిస్తోంది. అదే సమయంలో, ఇచ్చే స్తోమత ఉండి వాయిదాలు వేయడం దౌర్జన్యమని ప్రవక్త (స) తేల్చి చెప్పారు. రెండు మాటలూ రెండు వైపులవారికి గుర్తుండాలి.

జకాత్ పొందడానికి అర్హులైన ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో చిక్కుకున్నవారు ఒక వర్గమని అత్తౌబా సూరా 60వ ఆయతు చెబుతోంది. రమజానులో మనం జకాత్‌ను గుమ్మం ముందుకు వచ్చినవారికి చిల్లరగా పంచేస్తాం. వడ్డీ కోరల్లో ఉండి చెయ్యి చాపలేని పొరుగువాడు మనకు కనిపించడు. నలుగురు కలిసి ఒక ఇంటి అప్పును పూర్తిగా తెంచితే ఆ ఇల్లు మరుసటి ఏడు జకాత్ ఇచ్చే స్థితికి రావచ్చు. హైదరాబాదులో వడ్డీలేని రుణ సంఘాల సంప్రదాయం పాతదే. ఆ నగరంలో పుట్టిన విద్వాంసుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా వాటి గురించి గత శతాబ్దంలోనే రాశారు. బంగారం కుదువ పెట్టుకుని వడ్డీ లేకుండా అప్పులిచ్చే బైతుల్‌మాల్‌లు నేడూ ఉన్నాయి. ప్రతి మొహల్లా మస్జిదు కమిటీ చిన్న మొత్తంతోనైనా ఖర్జె హసనా నిధి పెడితే యాప్‌ల అవసరం కొంతైనా తగ్గుతుంది.

ఇప్పుడే రాయవలసిన చీటీ

క్రీ.శ. 644లో కత్తిపోట్లకు గురై మరణశయ్య మీద ఉన్న ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) తన కుమారుడు అబ్దుల్లాహ్‌ను (రజి) పిలిచి తన అప్పు ఎంతో లెక్క చూడమన్నారు. సుమారు 86 వేలని తేలింది. ముందు తన కుటుంబ ఆస్తి నుంచి, చాలకపోతే తన తెగవారిని, అప్పటికీ చాలకపోతే ఖురైషీలను అడిగి తీర్చమన్నారు, వారిని దాటి పోవద్దన్నారు. మహా సామ్రాజ్యాన్ని ఏలిన మనిషి ప్రాణం పోతున్న వేళ తన అప్పు లెక్కను నలుగురి ముందు తెరిచారు.

మరణించినవారి ఆస్తిలో అంత్యక్రియల ఖర్చు పోగా ముందు తీర్చవలసింది అప్పు. ఆ తరువాతే వసీయతు, ఆ తరువాతే వారసుల వాటాలు. భార్యకు చెల్లించని మహర్ కూడా భర్త మీద అప్పే. జనాజా పక్కన ఏడుస్తున్న ఆమెచేత మహర్ మాఫీ చేశానని చెప్పించడం మన సమాజానికి పట్టిన దురాచారం. బతికి ఉండగా ఆమె చేతిలో పెట్టడమే మగతనం, మర్యాద.

మనలో ఎవరికీ అబ్దుల్లాహ్ (రజి) లాగా నాలుగు హజ్జులు చాటించే తీరిక గల కొడుకు ఉంటాడన్న నమ్మకం లేదు. గాబా వంటి భూమి కూడా అందరికీ లేదు. ఉన్నది ఈ పూట, ఒక కాగితం, ఒక కలం. ఈ జుమా నమాజు నుంచి ఇంటికి వచ్చి భోజనాలయ్యాక ఆ చీటీ రాసి, ఇంటి ఇల్లాలికి చదివి వినిపించండి. బాకీ చిన్నదైతే ఈ నెలలోనే ఒకటి తెంచండి. పెద్దదైతే ఎవరికి ముందు చెప్పాలో ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి. తీర్చాలన్న ఉద్దేశంతో అప్పు తీసుకున్నవాని తరఫున అల్లాహ్ తీరుస్తాడని ప్రవక్త (స) భరోసా ఇచ్చారు. ఆ ఉద్దేశం నిజమని చూపించుకోవడానికి మొదటి గుర్తు, అప్పు సంగతి మన నోటితో మనమే చెప్పడం.